నాలుగు మూలలా పసుపు

ఎలిజబెత్ ఎన్నికల్లో నిలబడుతోందని తెలిసినప్పుడు అందరికంటే ముందు నవ్వింది ఆమె మొగుడే.

"నువ్వా? బస్సు మన స్టాపు దాటిపోతే ఆపమని డ్రైవర్ని అడగలేక, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచొచ్చే మనిషివి. నువ్వు పోయి ఆ దొరల మధ్య కూర్చుని మాట్లాడతావా?" అన్నాడు జయరాజు.

అన్నాడంటే అన్నాడు గానీ, అందులో అబద్ధమేం లేదు. చీరాల పక్క పల్లెలో పుట్టి, గుంటూరులో నర్సింగ్ చదివి, ఇంగ్లండులోని కోవెంట్రీ వచ్చి ఆరేళ్ళయింది ఆవిడ. వార్డులో ముసలివాళ్ళ చేత మందులు మింగించేటప్పుడు గలగలా మాట్లాడుతుంది. యూనిఫాం విప్పి బయటికొచ్చిందంటే నోట్లో నాలుక లేని మనిషే. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకోమంటే గొంతు విప్పుతుంది, పాట అయిపోగానే మళ్ళీ వెనక వరసలో గోడవారకి చేరుతుంది. అటువంటి మనిషి ఇల్లిల్లూ తిరిగి ఓటడగడమేమిటి? ఎవరికైనా నవ్వొస్తుంది.

జెస్లిన్ కోసం నిలబడింది. ఇంకెందుకు నిలబడుతుంది!

జెస్లిన్ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. తొమ్మిదేళ్ళు. ఆటిజం ఉంది. మాటలు రావని కాదు, వస్తాయి, లెక్కబెట్టుకునేటన్ని. ప్రైమరీ స్కూల్లో చేరిన మొదటి ఏడాదంతా కోట్లు తగిలించే కొక్కేల కింద, రెండు చెవులూ మూసుకుని నిలబడింది ఆ పిల్ల. ఫ్యాన్ తిరిగినా ఏడుపే, బెల్లు మోగినా ఏడుపే. ఆ తర్వాత బడి చివర్న ఉన్న సన్‌షైన్ రూమ్‌లో చోటు దొరికింది. ఎనిమిది మంది పిల్లలు, ముగ్గురు టీచర్లు, బెల్లు మోగని గది. అక్కడ జెస్లిన్‌కి ఒక ఉద్యోగం ఇచ్చారు. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకి, ఆ గదిలో పిల్లలెవరెవరికి ఏ భోజనం కావాలో రాసిన కాగితాన్ని ఆఫీసులో ఇచ్చి రావాలి. ఒక్కతే వెళ్ళాలి.

ఒకరోజు ఎలిజబెత్ నైట్ డ్యూటీ దిగి, కూతురు మర్చిపోయిన ఆటల బట్టల సంచి ఇవ్వడానికి వెళ్ళింది. ఆఫీసు అద్దంలోంచి చూస్తే, అంత పొడుగు కారిడార్‌లో, గోడ పట్టుకోకుండా, చెవులు మూసుకోకుండా నడిచొస్తోంది జెస్లిన్. కాగితాన్ని రెండు చేతులతో గుండెకి ఆనించి పట్టుకుంది. కౌంటర్ దగ్గర ఆగి, "కారల్. లిస్ట్." అంది. ఆఫీసులో పనిచేసే కారల్ దాన్ని అందుకుని, "థాంక్యూ, జెస్లిన్," అని ఆ పిల్ల చేతి మీద నక్షత్రం ముద్ర వేసింది. అంతే. జెస్లిన్ వెనక్కి తిరిగి నడిచి వెళ్ళిపోయింది. ఎలిజబెత్ ఆ రోజు బస్‌స్టాపులో కూర్చుని మూడు బస్సులు వదిలేసింది. ఏడుపు ఆగితేగా ఎక్కడానికి!

అటువంటి గదిని మూసేస్తామని మార్చిలో ఉత్తరం వచ్చింది. మూసేస్తామని నేరుగా రాస్తారా? రాయరు. 'సమీక్షిస్తున్నాం' అని రాశారు. జూలైలో స్కూలు గవర్నర్లు, అంటే బడిని నడిపే కమిటీవాళ్ళు, కూర్చుని తేలుస్తారట. మూసేస్తే ఈ ఎనిమిది మందిని తలో స్కూలుకీ సర్దుతారట. అది చదివిన రోజు ఎలిజబెత్ కూర మాడ్చేసింది, మాడిందే తిన్నారు.

సరిగ్గా అదే వారం ఇంకో ఉత్తరం వచ్చింది. గవర్నర్లలో పిల్లల తల్లిదండ్రుల తరఫున ఒక చోటు ఖాళీ అయింది, ఇష్టమున్నవాళ్ళు నిలబడవచ్చు, ఎక్కువమంది నిలబడితే తల్లిదండ్రులంతా ఓటేస్తారని. ఎలిజబెత్ ఆ ఉత్తరం పట్టుకుని కారల్‌ని అడిగింది. కారల్ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "నీ పాప ఆ గదిలో ఉంది కాబట్టి, చేతులెత్తే సమయానికి నిన్ను బయట కూర్చోమనొచ్చు. కానీ దానికి ముందు నువ్వు మాట్లాడొచ్చు. ఆ గది లోపల ఏం జరుగుతుందో చూసినవాళ్ళు ఆ కమిటీలో ఇప్పుడు ఒక్కరూ లేరు."

మాట్లాడొచ్చు! ఆ ఒక్క మాట కోసం నిలబడింది ఎలిజబెత్. జన్మలో నోరు తెరవని మనిషి, పదినిమిషాలు మాట్లాడే హక్కు కోసం పోటీకి దిగింది. సంగతి తెలిశాక జయరాజు నవ్వడం మానేశాడు. గోదాములో తనకి పడిన సాయంత్రం షిఫ్టులు వేరేవాళ్ళతో మార్చుకున్నాడు, ఆవిడ తిరిగేటప్పుడు పిల్ల దగ్గర ఉండడానికి.

ఇక ఆదిలక్ష్మి గారి సంగతి చెప్పాలి. ఆవిడ లేకపోతే ఈ కథే లేదు.

ఎలిజబెత్ వాళ్ళింటికి రెండిళ్ళ అవతల బిందుమాధవి అనే సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఉంటుంది. ఆమె కూతురు శ్రీజ కూడా అదే బడి. బిందుమాధవి తల్లి ఆదిలక్ష్మి. పాలకొల్లు మనిషి, డెబ్బై ఏళ్ళు, ఏప్రిల్లో విజిటర్ వీసా మీద వచ్చింది, అక్టోబరులో వెళ్ళిపోవాలి. రోజూ శ్రీజని బడికి దింపేది ఆవిడే. గేటు దగ్గర ఇంగ్లీషు తల్లులందరికీ తెలుగులోనే పలకరింపు. "ఏమ్మా, బాగున్నావా? చిన్నోడికి జలుబు తగ్గిందా?" అంటే వాళ్ళూ తలూపి నవ్వేవాళ్ళు. జెస్లిన్ ఎవరినీ తాకనివ్వదు గానీ, ఈవిడ పక్కన నడిచేటప్పుడు మాత్రం ఆవిడ చీరకొంగు అంచు వేలికి చుట్టుకునేది. ఎందుకో ఎవరికీ తెలియదు.

ఎలిజబెత్ నిలబడిందని వినగానే ఆదిలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. "మా ఆయన సాంబశివరావుగారు మూడుసార్లు వార్డు మెంబరు. మూడుసార్లూ గెలిపించింది ఎవరనుకున్నావ్? నేను! ఓటనేది అడిగితే పడదు ఎలీసమ్మా, దగ్గరుండి ఏయించుకోవాలి," అంది. ఎలిజబెత్ అన్న పేరు ఆవిడ నోట్లో వచ్చిన వారానికే ఎలీసమ్మ అయింది.

నామినేషన్ కాగితం నింపిన రోజు ఆదిలక్ష్మి చిన్న ప్లాస్టిక్ డబ్బీ పట్టుకొచ్చింది. మూత తీస్తే తడి పసుపు. "ఇలా ఇవ్వు. నాలుగు మూలలా కాస్త పసుపు అద్దిత్తాను. శుభలేఖకైనా, పిల్లల హాల్ టికెట్టుకైనా పెట్టకుండా ఇంట్లోంచి బయటికి పంపింది లేదు నేను."

ఎలిజబెత్ కాగితాన్ని వెనక్కి లాక్కుంది. విసురుగా కాదు, కానీ లాక్కుంది. "వద్దాంటీ. మాకు అలవాటు లేదు గదా. ప్రార్థన చేసుకున్నాం, చాల్లే."

ఆదిలక్ష్మి మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. వెంటనే డబ్బీ మూత పెట్టేసి, "అయ్యో, నీ ఇట్టం కాదా అమ్మా! నేనే పిచ్చిదాన్ని," అని నవ్వేసింది. అక్కడితో ఆ మాట అయిపోయిందనుకుంది ఎలిజబెత్. పెద్దవాళ్ళు అంత తొందరగా వదిలేస్తారా?

ఓటేసే కాగితాలు మే నెలలో పిల్లల సంచుల్లో ఇళ్ళకొచ్చాయి. తల్లికొకటి, తండ్రికొకటి. ఇద్దరి పేర్లున్నాయి దాని మీద. ఒకటి ఎలిజబెత్. ఇంకొకటి కాలిన్స్ అనే ఆయన, స్కూలు గేటు దగ్గర కార్ల పార్కింగ్ బాగుచేయిస్తానని నిలబడ్డాడు. పార్కింగ్‌ట! ఇక్కడ పిల్లల బతుకులు పోతుంటే ఆయనకి పార్కింగ్ కావలసొచ్చింది. సరే, ఆయన బాధ ఆయనది, మనిషి మాత్రం మర్యాదస్తుడే. నచ్చిన పేరు ఎదురుగా గుర్తేసి, కాగితాన్ని చిన్న తెల్ల కవరులో పెట్టి అంటించి, దాన్ని మళ్ళీ పేరు రాసిన పెద్ద కవరులో పెట్టి ఆఫీసులో ఇవ్వాలి. పెద్ద కవరు మీద పేరు చూసి లిస్టులో టిక్కు పెట్టుకుని, చిన్న కవరుని పెట్టెలో వేస్తారు. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఇంకేదో రాసి ఉంది. ఎవరు చదివారు?

ఎలిజబెత్ డ్యూటీ లేనప్పుడల్లా గేటు దగ్గర నిలబడింది. మొదటిరోజు గొంతు పెగల్లేదు. రెండోరోజు ఒక పోలిష్ తల్లిని పలకరించింది. మూడోరోజుకి ఫోన్లో జెస్లిన్ ఫోటో చూపిస్తూ, లంచ్ లిస్ట్ సంగతి చెప్పడం వచ్చేసింది. విన్నవాళ్ళలో కొందరు చేయి పట్టుకునేవాళ్ళు. అనూష అని, శ్రీజ క్లాసులో ఇంకో పిల్ల తల్లి, ఆ మాటలన్నీ విని, "అక్కా, నువ్వు అక్కడ ఇట్లనే మాట్లాడితే సాలు, ఆ రూమ్ ముట్టుకోరు," అంది. ఆ మాటకి ఎలిజబెత్‌కి నిజంగా నమ్మకం కలిగింది. రాత్రి పక్క మీద కూర్చుని, ఆ కమిటీలో మాట్లాడాల్సింది మూడు పేజీలు రాసుకుంది కూడా.

తెలుగువాళ్ళ ఓట్ల పూచీ ఆదిలక్ష్మిది. "షిఫ్టులనీ, మీటింగులనీ ఆ కాగితాలు ఫ్రిజ్జు మీదే పడేసి మర్చిపోతారే. నువ్వు ఊరుకో, నేను చూసుకుంటాను," అని సంచి భుజాన వేసుకుని బయల్దేరింది. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో పది తెలుగు ఇళ్ళు. మోకాళ్ళ నొప్పులతో, వానలో గొడుగేసుకుని ఇల్లిల్లూ ఎక్కి దిగింది. ప్రతి ఇంట్లో కూర్చుని, టీ తాగి, గుర్తు వేయించి, కవర్లు అంటించి తనే తెచ్చింది. మొత్తం పంతొమ్మిది ఓట్లు. ఇరవయ్యో ఆయన పాపం ఇండియా వెళ్ళాడు. శుక్రవారం పొద్దున ఆ కవర్లన్నీ ఎలిజబెత్ ముందే కారల్ చేతికిచ్చి, "లెక్క చూసుకోమ్మా," అంది తెలుగులో. కారల్ నవ్వి లెక్క చూసుకుంది. ఆదిలక్ష్మి ఉంగరం వేలు పసుపచ్చగా ఉండడం ఎలిజబెత్ చూసింది. వంట చేసి వచ్చుంటుందనుకుంది.

ఓట్ల లెక్కింపు ఆ రోజే సాయంత్రం నాలుగింటికి, స్కూలు లైబ్రరీలో. హెడ్ టీచర్ మిసెస్ హార్డింగ్, కారల్, కాలిన్స్, ఎలిజబెత్. నలుగురే. పిల్లలు కూర్చునే పొట్టి కుర్చీల్లో కూర్చున్నారు. కారల్ తెల్ల కవరు చింపి కాగితం తీసి ఇస్తోంది, హెడ్ టీచర్ పేరు చదివి ఇటో అటో పెడుతోంది. మొదటి మూడూ కాలిన్స్‌కి. నాలుగోది ఎలిజబెత్‌కి. అయిదో కాగితం తీయగానే కారల్ చేయి ఆగిపోయింది.

"కూర మరకేమో," అంది హెడ్ టీచర్.

తర్వాతిదానికీ ఉంది. ఆ తర్వాతిది బాగానే ఉంది. మళ్ళీ ఇంకోటి. నాలుగు మూలలా, నాలుగు చుక్కలు, కొలిచి పెట్టినట్టు. ఎలిజబెత్‌కి ఆ ఉంగరం వేలు గుర్తొచ్చింది. నామినేషన్ కాగితాన్ని తను వెనక్కి లాక్కోవడం గుర్తొచ్చింది. నీ కాగితానికి వద్దన్నావు, సరే. ఓట్లు మావేగా! అనుకుని ఉంటుంది ఆ పిచ్చితల్లి. నా మనసు నొప్పించకుండా, నాకు తెలియకుండా, వానలో తిరిగి తిరిగి పెట్టి ఉంటుంది.

మచ్చ ఉన్నవన్నీ పక్కన పెట్టారు. మచ్చలేనివి లెక్కేస్తే కాలిన్స్‌కి నలభై ఆరు, ఎలిజబెత్‌కి ముప్పై ఎనిమిది. పక్కన పెట్టినవి పంతొమ్మిది, పంతొమ్మిదీ ఎలిజబెత్‌వే.

హెడ్ టీచర్ కాగితం అడుగున ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది. ఓటు గుర్తు తప్ప ఇంకే గుర్తున్నా ఆ కాగితం చెల్లదు. ఆవిడ చెడ్డమనిషి కాదు. నిజానికి ఆవిడ మొహంలో ఆదుర్దా ఉంది. "ఎలిజబెత్, ఇదేమిటో నీకు తెలుసా?"

"పసుపు," అంది ఎలిజబెత్. "మంచి జరగాలని పెడతారు. మా వైపు హిందువుల ఆచారం."

"ఆచారమా!" హెడ్ టీచర్ ముందుకి వంగింది. "అలాగైతే నేను సిటీ కౌన్సిల్‌కి ఫోన్ చేసి అడగగలను. ఎవరి ఓటు మీద వాళ్ళు, వాళ్ళ నమ్మకం కొద్దీ పెట్టుకున్నారంటే, వీటిని లెక్కలోకి తీసుకోమని నేనే గట్టిగా చెప్తాను. మిస్టర్ కాలిన్స్, మీకేమైనా అభ్యంతరమా?"

"నాకేం లేదు," అన్నాడు కాలిన్స్. నిజాయితీగానే అన్నాడు.

"చెప్పు ఎలిజబెత్. ఎవరిది వాళ్ళే పెట్టుకున్నారు కదూ?"

చూశారూ! దారి తెరిచి, తలుపు పట్టుకుని నిలబడింది ఆవిడ. అవునంటే అయిపోయేది. ఒక్క మాట. పది ఇళ్ళవాళ్ళూ అవునంటారు, ఎవరూ కాదనరు. ఎలిజబెత్ నోరు తెరిచింది. కారల్ ఆవిడ వైపే చూస్తోంది, అను, అను అన్నట్టు. ఎలిజబెత్ తల్లి ఊరూరా తిరిగి ప్రార్థనలు చేయించే మనిషి. చిన్నప్పుడు కూతురు ఒక్క అబద్ధమాడిందని, రోజంతా అన్నం పెట్టకుండా, తనూ తినకుండా పక్కనే కూర్చుంది. కొట్టినా మర్చిపోయేదేమో గానీ, ఆకలితో కూర్చున్న తల్లిని ఎట్లా మర్చిపోతుంది? ఎదురుగా ఆ కాలిన్స్ మర్యాదగా చేతులు కట్టుకుని కూర్చున్నాడాయె.

"కాదు," అంది ఎలిజబెత్. "ఒక్కావిడే పెట్టింది. అన్నిటికీ."

హెడ్ టీచర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అంటే, ఓట్లేశాక కాగితాలు ఇంకొకరి చేతికి వెళ్ళాయన్నమాట. ఎవరావిడ?"

"ఆవిడ పేరు చెప్పను," అంది ఎలిజబెత్. ఈ దేశంలో ఒక పెద్ద మనిషి ముందు ఎదురు మాట్లాడడం ఆవిడకి అదే మొదటిసారి. హెడ్ టీచర్ ఇంకేం అడగలేదు. పంతొమ్మిది కాగితాలూ ఒక కవరులో వేసి, పైన 'చెల్లనివి' అని రాసింది. కాలిన్స్ లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చి, "ఐయామ్ సో సారీ," అన్నాడు.

ఇంటికొచ్చి జయరాజుకి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన మొదట ఆదిలక్ష్మి మీద కేకలేశాడు. తర్వాత సంగతి పూర్తిగా తలకెక్కింది.

"ఆవిడ అడిగిందా నిన్ను? అవునంటే లెక్కేస్తానందా?"

"అంది."

"ఒక్క అబద్ధం. మన బిడ్డ కోసం ఒక్క అబద్ధం చెప్పలేకపోయావా ఎలిజబెత్?"

అదే మాట ఎలిజబెత్ బస్సులో వస్తూ తనని తాను వందసార్లు అడిగింది. జయరాజు కాసేపటికి వచ్చి పక్కన కూర్చుని, "నోరు జారాన్లే, ఒగ్గెయ్," అన్నాడు. ఒగ్గెయ్యడానికి అదేమైనా మామూలు మాటా? ఆ ఇంట్లో ఇప్పటికీ ఉంది ఆ మాట, అన్నం తినేటప్పుడు కూడా వాళ్ళిద్దరి మధ్యనే కూర్చుని ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే ఆదిలక్ష్మి పరుగులాంటి నడకతో వచ్చింది. "ఏమైందే? గెలిచావా? ఎన్ని ఓట్లు?"

నిన్న కన్నకూతురి కోసం అబద్ధమాడలేని నోరు ఇప్పుడు తడుముకోకుండా అబద్ధమాడింది. "కొద్దిలో పోయిందాంటీ. ఎనిమిది ఓట్లు. ఆయనకి స్నేహితులు ఎక్కువ గదా."

ఆదిలక్ష్మి అక్కడే గుమ్మంలో కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నేను ఇంకో నాలుగిళ్ళు తిరగాల్సిందే తల్లీ. ఇంగిలీసోళ్ళ ఇళ్ళకీ ఎళ్ళాల్సింది. మోకాళ్ళ నొప్పులని బద్ధకించాను," అంటూ తనని తాను తిట్టుకుంది. ఎలిజబెత్ ఆవిడ పక్కన కూర్చుని వీపు నిమిరింది. మీ వల్ల కాదాంటీ, మీ వల్ల కాదు, అని అంటూనే ఉంది. మధ్యాహ్నం బిందుమాధవి ఒక్కతే వచ్చింది. సాఫ్ట్‌వేర్ పిల్ల గదా, స్కూలు పంపిన ఫలితాల ఈమెయిల్లో చెల్లని ఓట్లు పంతొమ్మిది అని చదివి లెక్క కట్టుకుంది. గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే, ఎలిజబెత్ ఆ పిల్ల చేయి పట్టుకుని, "మీ అమ్మకి తెలియనియ్యొద్దు. ఒట్టు," అంది.

జూలైలో గవర్నర్లు కూర్చున్నారు. సన్‌షైన్ రూమ్ మూసేయాలని తేల్చారు. ఎలిజబెత్ అంతకుముందు ఉత్తరం రాసింది, మిగతా తల్లులూ రాశారు, అవన్నీ అందాయని జవాబొచ్చింది. ఆ మీటింగ్‌లో ఏం జరిగిందో స్కూలు వెబ్‌సైట్‌లో పెట్టారు. వార్డులో బ్రేక్‌లో ఫోన్లో చదివింది ఎలిజబెత్. పార్కింగ్ గురించి అరపేజీ ఉంది. సన్‌షైన్ రూమ్ గురించి నాలుగు లైన్లు. నాలుగో లైను: 'తల్లిదండ్రుల ప్రతినిధి నుంచి ప్రశ్నలేమీ రాలేదు.' ఇంట్లో బీరువాలో, బట్టల కింద, ఆవిడ రాసుకున్న మూడు పేజీలూ ఇంకా ఉన్నాయి.

జెస్లిన్‌కి పదకొండు మైళ్ళ అవతల ఒక స్కూల్లో చోటిచ్చారు. కౌన్సిల్ టాక్సీ పంపిస్తుంది, తోడుగా ఒకామె కూర్చుంటుంది. వేసవి సెలవలన్నీ ఎలిజబెత్ ఆ స్కూలు ఫోటోలు ఫ్రిజ్జుకి అంటించి, రోజూ కూతురికి చూపించింది. జెస్లిన్ చూసేది, ఏమీ అనేది కాదు.

సెప్టెంబరులో మొదటి రోజు. ఎనిమిదింటికల్లా టాక్సీ వచ్చి ఇంటి ముందు ఆగింది. కొత్త స్కూలు యూనిఫాం రంగు వేరు, కానీ జెస్లిన్ పాత నీలం స్వెట్టరే కావాలని నేలమీద దొర్లితే అదే తొడిగారు. బయటికి వస్తుంటే ఆ పిల్ల చేతిలో మడత పెట్టిన కాగితం కనిపించింది ఎలిజబెత్‌కి. విప్పి చూసింది. ఎనిమిది పేర్లు. సన్‌షైన్ రూమ్ పిల్లల ఎనిమిది పేర్లూ వంకర టింకర అక్షరాలతో, ఒక్కో పేరు పక్కన పాస్తా, చికెన్, పాస్తా. ఎప్పుడు లేచి రాసిందో.

"కారల్. లిస్ట్," అంది జెస్లిన్, టాక్సీ వైపు నడుస్తూ.

జయరాజు చప్పున మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఎలిజబెత్ పళ్ళు బిగించి నిలబడింది. ఏడిస్తే పిల్ల బెదురుతుంది.

ఆదిలక్ష్మి అప్పటికే గేటు దగ్గర ఉంది, చేతిలో ఆ ప్లాస్టిక్ డబ్బీ. ఇంకో నెలలో ఆవిడ వెళ్ళిపోతుంది. టాక్సీ దగ్గర నిలబడి, అడగాలా వద్దా అన్నట్టు ఎలిజబెత్ మొహంలోకి చూసింది. "ఎలీసమ్మా, నువ్వేమీ అనుకోనంటే... కొత్త దారి కదే, పిల్ల ఒక్కత్తీ ఎళ్తుంది. కారుకి కాత్త పసుపు పెట్టనా? వద్దంటే వద్దులే."

ఎలిజబెత్ ఆ డబ్బీ వైపు చూసింది. ఆ రోజు ఆ కాగితానికి పెట్టనిచ్చి ఉంటే ఏం పోయేది? నాలుగు చుక్కలు. తన ఒక్క కాగితం మీద పెట్టేసి ఆవిడ తృప్తిగా ఇంటికి పోయేది.

"పెట్టండాంటీ," అంది.

ఆదిలక్ష్మి మొహం వెలిగిపోయింది. టాక్సీ తలుపు మీద మూడు చుక్కలు అద్దింది. డ్రైవర్ పంజాబీ ముసలాయన, ఏమీ అనకుండా తల వంచి దణ్ణం పెట్టుకున్నాడు. జెస్లిన్ ఆ పసుపచ్చ చుక్కల్ని తదేకంగా చూసింది. తర్వాత, కారల్‌కి తప్ప ఎవరికీ ఏదీ చాచని ఆ పిల్ల, చేతిలో కాగితం విప్పి ఆదిలక్ష్మి ముందు చాచింది.

"మా బంగారమే! దీనికీ పెట్టాలా?" అని మురిసిపోయి, ఆవిడ ఉంగరం వేలు ముంచి, ఆ కాగితానికి నాలుగు మూలలా పసుపు అద్దింది. ఒక్కో మూలకీ ఒక్కో చుక్క, కొలిచి పెట్టినట్టు.

అది చూశాక ఎలిజబెత్ వల్ల కాలేదు. టాక్సీ తలుపు పడేదాకా ఆగింది, వీధి చివర మలుపు తిరిగేదాకా చేయి ఊపింది, ఆ తర్వాత గేటు పట్టుకుని కిందికి జారిపోయి గుండెలు అవిసేలా ఏడ్చింది. ఆదిలక్ష్మి గాభరాగా పక్కన చతికిలబడి, పసుపు అంటకుండా మోచేత్తో ఆమె తల దగ్గరికి తీసుకుంది.

"ఊరుకో తల్లీ, ఊరుకో. మళ్ళీ ఎలచ్చన్లు రావా? వచ్చే ఏడు మళ్ళీ వత్తానుగా నేను. అప్పుడు నిలబడు. నీ దగ్గర ఒక మాట దాచాను, చెప్తే కోప్పడతావేమోనని. ఆ రోజు నువ్వు వద్దన్నా సరే, ఓటు కాగితాలన్నిటికీ పసుపు పెట్టాను. అయినా సాల్లేదు. ఈసారి అమ్మవారి గుళ్ళో పసుపు తెత్తాను," అంది.

ఎలిజబెత్ ఆవిడ ఒళ్ళోంచి తలెత్తలేదు. "అట్టాగే ఆంటీ," అంది. "తెచ్చుకోండి."